సిలియారిసా, సెటిజెరసా? మెట్ట చేలో గొర్రెలకి ఏ అంజన్ గడ్డి వేయాలి

బ్రదర్, మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. పాకాల దగ్గర మూడెకరాల మెట్ట, బోరు ఎండిపోయింది, వేరుశెనగ మానేసి నలభై గొర్రెలు పెట్టారు. విత్తనాల షాపులో రెండు ప్యాకెట్లు చూపించి రెండూ అంజన్ గడ్డే అన్నారు, ఒకదాని మీద సెంక్రస్ సిలియారిస్ అని, ఇంకోదాని మీద సెంక్రస్ సెటిజెరస్ అని ఉంది, రెండోది కొంచెం రేటు తక్కువ. ఏది కొనాలి, అసలు తేడా ఏంది అని అడిగారు.

సూటిగా చెప్పేస్తా. మన్ను మూరెడు లోతు ఉన్నంత మేర సిలియారిస్ వేయండి. మొరం తేలిన చోట, గుట్ట వార, గెనాల మీద, జీవాలు రోజూ తొక్కే దోవ పక్కన సెటిజెరస్ వేయండి. ఒకటే కొనేదానికి డబ్బులుంటే మన చిత్తూరు, తిరుపతి జిల్లాలకి సిలియారిసే. నీళ్ళు నిలిచే కయ్య ఏదన్నా ఉంటే అందులో రెండూ వేయొద్దు, విత్తనం దండగ.

ఇంక ఎందుకో చెప్తా, కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి. నేను పూతలపట్టు పక్క మెట్టలో రెండు రకాలూ పదేళ్ళకి పైనే పెంచతా ఉన్నా, నెల్లూరు జోడిపి గొర్రెలు మేపుతా ఉన్నా, విత్తనం కూడా నేనే దూసుకుంటా. కాబట్టి చేలో చూసిందే రాస్తా ఉన్నా.

ముందు పేర్ల గొడవ తీర్చుకుందాం, ఎందుకంటే మోసమంతా అక్కడే జరిగేది. రాజస్థాన్‌లో సిలియారిస్‌ని అంజన్ అంటారు, ధామన్ అని కూడా అంటారు, సెటిజెరస్‌ని మోడా ధామన్ అంటారు. ఇంకొందరు నల్ల అంజన్, తెల్ల అంజన్ అంటారు, ఏది నలుపో ఏది తెలుపో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. మనకి తమిళనాడు బార్డర్ దగ్గర కదా, అటు నుంచి వచ్చే విత్తనాన్ని కొళుకట్టై అంటారు, కోయంబత్తూరు యూనివర్సిటీ వాళ్ళ నీల కొళుకట్టై అయితే ఈ రెండూ కాదు, అది సెంక్రస్ గ్లాకస్ అని మూడోది. ఇన్ని పేర్లుంటే షాపతను మాత్రం ఏం చేస్తాడు, వచ్చిన మూటకి అంజన్ అని చీటీ అంటిస్తాడు. కంకి రంగు చూసి కూడా నమ్మొద్దు, రెండిట్లోనూ గడ్డి రంగువీ ఉంటాయి, ఊదా రంగువీ ఉంటాయి. అందుకని పేరు వదిలేయండి, విత్తనం చేతికి తీసుకోండి.

విత్తనం చూస్తే రెండూ ఇట్టే తెలిసిపోతాయి. ఒక చిటికెడు అరచేతిలో పోసుకోండి. సిలియారిస్ అయితే దూదిలాగా ఉంటుంది, చేతికి అతుక్కుంటుంది, ఉఫ్ అంటే ఎగిరిపోతుంది. ఒక్క గుత్తిని వేళ్ళ మధ్య పెట్టి వెలుతురుకి చూడండి, చుట్టూ సన్నటి పొడుగాటి వెంట్రుకలు ఉంటాయి, ఒక వెంట్రుకకి మళ్ళీ చిన్న చిన్న నూగు ఉంటుంది, ఈక మాదిరి. ఆ వెంట్రుకల్ని గోటితో విడదీస్తే అడుగుదాకా విడివిడిగా వచ్చేస్తాయి, అట్టడుగున మాత్రమే కలిసి ఉంటాయి. సెటిజెరస్ అయితే దూది ఉండదు, గట్టిగా, చిన్నగా, గలగలా రాలుతుంది. దాని వెంట్రుకలు వెంట్రుకల్లా ఉండవు, చదునుగా, పొట్టిగా, నూగు లేకుండా ఉంటాయి, కింద సగం దాకా ఒకదానికొకటి అంటుకుపోయి చిన్న గిన్నె మాదిరి అయిపోయి ఉంటాయి, గింజ ఆ గిన్నెలో కూర్చుని ఉంటుంది. గోటితో విడదీయబోతే రాదు, విరుగుతుంది. ఒకసారి చూశారంటే ఇంక జన్మలో మర్చిపోరు.

ఈ విత్తనం తేడా చల్లేటప్పుడు కూడా పని చేస్తుంది. సెటిజెరస్‌ని ఇసకలో కలిపి రాగులు చల్లినట్టు చల్లొచ్చు. సిలియారిస్ దూది గాలికి పోతుంది, గుంపుగా ఒకేచోట పడుతుంది, తడి మట్టిలోనో చివికిన పేడ ఎరువులోనో బాగా పిసికి ఉండలు విడగొట్టి చల్లాలి. ఆస్ట్రేలియాకి ఈ గడ్డి 1870ల్లో ఒంటెలు తోలేవాళ్ళ జీనుల్లో కుక్కిన గడ్డితో చేరిందంటారు, ఆ దూది చేత్తో పట్టుకుంటే అది నిజమే అనిపిస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఇదే జాతిలో మూడో నాలుగో రకాలు ఉన్నాయి, వాటి గుత్తికి నిజమైన ముళ్ళు ఉంటాయి, వెనక్కి వంగిన కొక్కేలతో, ప్యాంటుకి పట్టుకుంటే పీకాలంటే వేలు గుచ్చుకుంటుంది. సెంక్రస్ బైఫ్లోరస్, సెంక్రస్ ఎకినేటస్ ఆ బాపతు. మీ ప్యాకెట్లో అట్లాంటి గుత్తి ఒక్కటి కనిపించినా ఆ ప్యాకెట్ తీసుకోవద్దు. చేలో ఒకసారి పడితే ఏరి ఏరి ప్రాణం పోతుంది.

సరే, ఇప్పుడు మొక్క సంగతి. సిలియారిస్ దుబ్బు నడుము దాకా, మంచి సంవత్సరం అయితే ఇంకా పైకి వస్తుంది. సెటిజెరస్ మోకాలి దాకా, ఎక్కువంటే తొడ దాకా. రెండూ ఏళ్ళ తరబడి ఉండేవే, కోసినా మేపినా మళ్ళీ కుదురు నుంచి పిలకలు వేస్తాయి. కాండం అడుగున ఉబ్బినట్టు ఉంటుంది చూడండి, అందులో సత్తువ దాచుకుంటాయి, ఎండాకాలం అంతా పైన చచ్చినట్టు కనిపించి ఒక వాన పడగానే పచ్చబడేది ఆ దాపుడు వల్లే. కాబట్టి ఆ ఉబ్బు భాగాన్ని కొరికే దాకా గొర్రెల్ని మేపితే మీ గడ్డిని మీరే చంపుకున్నట్టు.

మరి ఎందుకు సిలియారిస్ అన్నాను? వాన లెక్క వల్ల. సెటిజెరస్ పుట్టింది పెరిగింది రాజస్థాన్, గుజరాత్, అరేబియా, తూర్పు ఆఫ్రికా ఎడారి పక్క. అక్కడ ఏడాదికి 200, 300 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. ఆ కొంచెం వానలోనే గబగబా పెరిగి కంకి వేసి విత్తనం రాల్చుకునేలా దాని తత్వం ఉంటుంది. మన చిత్తూరు, తిరుపతి పక్క సరాసరి వాన 900 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, పైగా జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఒక విడత, మళ్ళీ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇంకో విడత. అంత వాన ఉన్న చోట సెటిజెరస్ తొందరగా పూతకొచ్చి ఆగిపోతుంది, మిగిలిన పదును వృథా. సిలియారిస్ ఆ పదును మొత్తం తాగి ఇంకో కోత ఇస్తుంది. నా చేలో పక్క పక్క పట్టెల్లో రెండూ ఉన్నాయి కదా, ఒకే రోజు కోస్తే సిలియారిస్ పట్టెలో మూడు మోపులు వచ్చిన చోట సెటిజెరస్‌లో రెండు కూడా సరిగ్గా రావు. మన్ను బాగున్న చోట మాట ఇది.

మన్ను బాగాలేని చోట కథ తిరగబడుతుంది. 2018లో రాయలసీమ మొత్తానికీ కరువు వచ్చింది మీకు గుర్తుండే ఉంటుంది. నా చేనుకి పైన వార ఒక బోడి ఉంది, జానెడు మన్ను, కింద అంతా మొరం. అక్కడ ముందు సిలియారిస్ వేసి ఉన్నా, ఆ ఏడు సగం దుబ్బులు చచ్చిపోయినాయి, లాగితే వేరుతో సహా ఊడి వచ్చినాయి. దాని పక్కనే గెనం మీద సెటిజెరస్ ఉండేది, అదీ ఎండిపోయి బూడిద రంగుకి వచ్చింది, పోయింది అనుకున్నా. ఒక సాయంత్రం చిన్న జల్లు పడింది, దుమ్ము అణిగేంత వాన, అంతే. నాలుగో రోజు పొద్దున పోయి చూస్తే సెటిజెరస్ కుదుర్లలో సూదుల మాదిరి పచ్చటి మొలకలు. సిలియారిస్‌లో బతికిన దుబ్బులు ఇంకా కదల్లేదు. ఆ తర్వాత బోడి మీద అంతా సెటిజెరసే వేశా, ఇప్పటికీ అదే ఉంది. అంటే కరువుకి తట్టుకునేది, తొక్కుడికి తట్టుకునేది సెటిజెరస్, మేత ఎక్కువ ఇచ్చేది సిలియారిస్. మీ మూడెకరాల్లో ఎక్కడ ఏ మన్ను ఉందో మీకే తెలుస్తుంది, గడ్డపార తీసుకుని పది చోట్ల గుంట తీసి చూడండి, ఖర్చు లేని పని.

నీళ్ళు నిలిచే చోటు గురించి ఎందుకు అంత గట్టిగా చెప్పానంటే, 2021 నవంబర్ వానలు చూశాం కదా, తిరుపతి రోడ్లే ఏర్లయినాయి. నా చేలో కింద కయ్య వారం పైన నీళ్ళలో ఉండిపోయింది. అందులో రెండు రకాలూ ఉన్నాయి, రెండూ కుళ్ళిపోయినాయి, వేర్లు నల్లగా అయి వాసన వచ్చినాయి. ఆ విషయంలో ఒకటి మేలు ఒకటి కీడు అని లేదు. ఇప్పుడు ఆ కయ్యలో పారా గడ్డి ఉంది, అది నీళ్ళలో హాయిగా ఉంటుంది.

ఇప్పుడు మీరు అడగని మాట, కానీ చెప్పకపోతే తప్పు. మూడెకరాల గడ్డి నలభై గొర్రెలకి ఏడాది పొడుగునా చాలదు. ఏ రకం వేసినా చాలదు. లెక్క చూడండి. 35 కిలోల గొర్రె రోజుకి తన బరువులో మూడు శాతం, అంటే సుమారు ఒక కిలో ఎండు పదార్థం తింటుంది. నలభై గొర్రెలకి రోజుకి 40 కిలోలు, ఏడాదికి పద్నాలుగున్నర టన్నులు. నీళ్ళు కట్టని మెట్టలో సిలియారిస్ హెక్టారుకి మూడు నాలుగు టన్నుల ఎండు మేత ఇస్తే బాగా ఇచ్చినట్టు. మీ మూడెకరాలు అంటే ఒక హెక్టారు, కాస్త పైన. అంటే నాలుగు, మహా అయితే ఐదు టన్నులు. మూడో వంతు. మిగతాది బయట మేపో, వేరుశెనగ కట్టెతోనో, గెనాల మీద సుబాబుల్, అవిశ చెట్లు పెట్టుకునో సర్దుకోవాలి. ఇది ముందే తెలుసుకుంటే మందని ఎంతలో ఉంచాలో తేల్చుకోవచ్చు, గడ్డి వేసిన తర్వాత చాలలేదని మూడో నెలలోనే గొర్రెల్ని చేలోకి వదిలేసి దుబ్బులు చంపుకున్నవాళ్ళని చాలామందిని చూశా, చూస్తే కడుపు మండుతుంది.

మాంసకృత్తుల విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు, తేడా అంతా ఎప్పుడు మేపుతారు అన్న దాంట్లోనే. లేతగా ఉన్నప్పుడు 8 నుంచి 12 శాతం దాకా ఉంటాయి, కంకి ముదిరి గింజ రాలే టైముకి అది సగానికి పడిపోతుంది. సిలియారిస్ కాండం ముదిరితే పుల్ల మాదిరి అవుతుంది, గొర్రె ఆకు గీరుకుని కాండం వదిలేస్తుంది. సెటిజెరస్ పొట్టిది కాబట్టి కాండం తక్కువ, ఎండిన తర్వాత కూడా బాగానే తింటాయి, కానీ ముదిరిన గుత్తులు గట్టిగా ఉంటాయని కంకి జోలికి పోవు. ఏదైనా పూత మొదలయ్యే ముందే మేపాలి.

ఆ తగ్గే మాంసకృత్తుల కోసమే ఈ గడ్డి ఒంటరిగా వేయొద్దు అంటా. స్టైలో హమాటా అనే పప్పుజాతి మేత మొక్క కలిపి వేయండి. రెండు వరసలు గడ్డి, ఒక వరస స్టైలో. స్టైలో గింజ పైపొర గట్టిది, 80 డిగ్రీల వేడి నీళ్ళలో నాలుగు నిమిషాలు ఉంచి తీసి, రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టి వేయాలి. మరిగే నీళ్ళలో వేస్తే ఉడికిపోతుంది, జాగ్రత్త. సెటిజెరస్ పొట్టిది కాబట్టి దానితో స్టైలో బాగా కలిసి బతుకుతుంది, సిలియారిస్ మాత్రం ఎత్తు పెరిగి నీడ కమ్మేస్తుంది, అందుకని అక్కడ వరసల మధ్య ఎడం ఎక్కువ వదలాలి.

విత్తనం కొనేటప్పుడు ఇంకో పెద్ద సంగతి. కొత్త విత్తనం మొలవదు. రెండింటికీ నిద్ర ఉంటుంది, కోసిన తర్వాత ఆరు నెలల నుంచి ఏడాది దాకా నిలవ ఉంచితేనే బాగా మొలుస్తుంది. నేను మొదటిసారి ఒక షాపులో తాజా విత్తనం అని ఎక్కువ రేటు పెట్టి కొన్నా, చల్లినా, చినుకులు పడినాయి, నెల రోజులు రోజూ పోయి వంగి చూడటమే, ఎక్కడో ఒకటి తప్ప ఏమీ రాలేదు. నేల తప్పు అనుకున్నా, వాన తప్పు అనుకున్నా. తర్వాత మిగిలిన ప్యాకెట్ మరుసటి ఏడు చల్లితే బ్రహ్మాండంగా మొలిచింది, అప్పుడు అర్థమైంది. కాబట్టి కోత ఎప్పుడు కోశారో అడగండి.

దానికి తోడు తాలు. ఈ గడ్డి గుత్తుల్లో చాలా వాటిలో గింజే ఉండదు, పైకి దూది మాత్రం నిండుగా కనిపిస్తుంది. అరచేతిలో పది గుత్తులు వేసుకుని బొటనవేలితో గట్టిగా నలపండి, ఊదండి, కింద కొర్ర గింజలో సగం కూడా లేని చిన్న చిన్న గోధుమ రంగు గింజలు మిగలాలి. పదింటికి ఐదు ఆరు మిగిలితే తీసుకోండి. ఇంకా నమ్మకం కావాలంటే వంద గుత్తులు తడి గోనె గుడ్డలో చుట్టి పది రోజులు తడి ఆరకుండా ఉంచి లెక్కపెట్టండి, సాగుకి ముందు ఈ పరీక్ష చేయకుండా నేను ఎప్పుడూ చల్లను.

ఎకరాకి రెండున్నర మూడు కిలోలు సరిపోతుంది, మొలక తక్కువ ఉంటే పెంచుకోవాలి. వరసకి వరస అడుగున్నర ఎడం. లోతు వద్దు, సెంటీమీటర్ కంటే కిందకి పోతే పైకి రాలేదు, పైన ముళ్ళకంప లాగితే చాలు. చీమలు మోసుకుపోతాయి, మా చేలో ఒక పుట్ట దగ్గర బారెడు మేర మొలకే లేదు, అందుకని ఇప్పుడు పేడ, బంకమట్టి, ఇసక కలిపి చిన్న ఉండలు చేసి ఆరబెట్టి వేస్తా. టైము జూన్ ఆఖరు, జూలై, వేరుశెనగ వేసే పదునులోనే. అక్టోబర్‌లో వేయొద్దు, మన పక్క ఆ టైములో తుఫాను వానలు దంచి కొడతాయి, అంత తేలిక విత్తనం ఒక్క రాత్రికి గట్టు దాటిపోతుంది.

మొదటి ఏడు గొర్రెల్ని చేలోకి దించకండి. డెబ్బై, ఎనభై రోజులకి కొడవలితో జానెడు ఎత్తు వదిలి కోసుకొచ్చి దొడ్లో వేయండి. వేరు పట్టని దుబ్బుని గొర్రె పీకేస్తుంది. రెండో ఏడు నుంచి చేనుని నాలుగు భాగాలు చేసి తిప్పి తిప్పి మేపండి. ఒక వార మాత్రం కంకికి వదిలిపెట్టండి. ఈ రెండు గడ్లలోనూ ఎక్కువగా వేరే మొక్క పుప్పొడి కలవకుండానే గింజ కడుతుంది, తల్లి ఎట్లా ఉంటే పిల్ల అట్లాగే వస్తుంది, అందుకని మీరు దూసుకున్న విత్తనం రకం మారదు, ప్రతి ఏడూ కొనాల్సిన పని లేదు. నిజానికి ఒక్కసారి మంచి విత్తనం దొరకడమే ముఖ్యం, జోధ్‌పూర్ కాజ్రి (ఎండు నేలల పరిశోధన సంస్థ) వాళ్ళు సిలియారిస్‌లో కాజ్రి 75, సెటిజెరస్‌లో కాజ్రి 76 అని ఇచ్చారు, ఝాన్సీ పశుగ్రాస పరిశోధన సంస్థ వాళ్ళ బుందేల్ అంజన్ కూడా ఉంది. దొరికితే అవి పట్టుకోండి.

ఆక్సలేట్ గురించి, అంటే ఒంట్లో కాల్షియాన్ని పట్టేసే పదార్థం గురించి, ఎవరో ఒకరు భయపెడతారు. ఉంది, కొద్దిగా ఉంది. గొర్రెలకి అలవాటు అయితే పర్వాలేదు, కానీ ఆకలితో ఉన్న మందని తోలుకొచ్చి లేత సిలియారిస్ మీదకి ఒక్కసారిగా వదలకండి, ముందు కొంచెం ఎండు మేత వేసి వదలండి. గుర్రాలు ఉన్నవాళ్ళు మాత్రం ఈ గడ్డి ఒక్కటే పెట్టకూడదు, ఎముకల జబ్బు వస్తుంది.

చివరగా ఒకటి, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. సిలియారిస్ విత్తనం అడవి వార చల్లకండి. పాకాల నుంచి కొండలు ఎంత దూరమో మీకు తెలుసు. ఈ గడ్డి ఎండితే భగ్గున మండుతుంది, మంట తర్వాత మళ్ళీ అదే ముందు లేస్తుంది, మిగతా మొక్కలు లేవవు. అమెరికాలో ఆరిజోనా ఎడారిలో ఇదే జరుగుతోంది, మేత కోసం తెచ్చిన సిలియారిస్ కొండలెక్కి వందేళ్ళ వయసున్న సాగువారో కాక్టస్‌లని మంటలకి బలి ఇస్తోంది, అక్కడ మనుషులు చేత్తో పీకుతున్నారు. మనకి శేషాచలం ఉంది, ఎర్రచందనం ఇంకెక్కడా లేనంతగా ఉన్న అడవి, 2014 మార్చిలో తిరుమల కొండల మీద మంటలు ఆర్పడానికి హెలికాప్టర్లు వచ్చినాయి. ఇప్పటికే కొండ మీద బోద గడ్డి ఎండాకాలంలో అంటుకుంటూనే ఉంది. దానికి ఇది తోడు కావద్దు. మీ చేను అడవికి ఆనుకుని ఉంటే ఆ వైపు ఇరవై ముప్పై అడుగులు సెటిజెరస్ వేయండి, దాని గింజ బరువు, దూది లేదు, గాలికి అంత దూరం పోదు, పొట్టిది కాబట్టి మంట కూడా తక్కువ. ఆ వైపు వార కంకి వేయకముందే మేపేయండి.

సూపర్ నేపియర్ వేయమని మీకు ఇంకో సలహా వచ్చింది కదా, బోరు లేదు కాబట్టి దాని మాట వదిలేయండి, అది నీళ్ళు తాగే గడ్డి. వరసకి అదీ వీటి దాయాదే, 2010లో వృక్షశాస్త్రం వాళ్ళు సజ్జ, నేపియర్ ఉన్న పెన్నిసెటమ్ జాతిని మొత్తం సెంక్రస్‌లో కలిపేశారు, కానీ తత్వం వేరు.

ఆ రెండు ప్యాకెట్లలో ఒక్కో చిటికెడు తెల్ల కాగితం మీద పోసి, పక్కన అగ్గిపుల్ల పెట్టి, ఎండలో దగ్గరగా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. గిన్నె ఉందా, ఈక ఉందా చూసి చెప్తా. గడ్డపారతో తీసిన గుంటల్లో మన్ను ఎంత లోతు వచ్చిందో కూడా రాయండి, ఏది ఎన్ని కిలోలు కొనాలో లెక్క వేసి ఇస్తా.